తాత మింగేసిన రెండేళ్ళు

మా తాత కోత మిల్లులో నలభై ఏళ్ళు రంపం నడిపాడు. దుంగను అడ్డంగా కోయగానే గోటితో గీతలు లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పేవాడు. గీతకో ఏడాది. వాన బాగా పడితే వెడల్పు, కరువైతే సన్నం. తన లెక్కకు తిరుగులేదనేవాడు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మరి.

ఆయన పుట్టిన ఏడే వాళ్ళ నాన్న కొండ మీది అడవిని నరికించాడు. ఆ తర్వాతే వానలు మొహం చాటేశాయని ఊరంతా అనేది. కాదని నిరూపిద్దామని తాత, ఏ ఏడాది కొట్టారో తెలిసిన ఓ పాత దుంగ ముక్క తెచ్చి, బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టాడట. తను పుట్టిన మరుసటి ఏటి నుంచే గీతలు సన్నబడ్డాయి. ఇంకేముంది, నాన్నదే తప్పని నమ్మి, ఆయన మాటెత్తడమే మానేశాడు. ముక్కను మాత్రం మంచం కిందకి తోసి ఉంచాడు.

పోయిన నెల ఓ అమ్మాయి మా ఇంటికొచ్చింది. పాత కరువులు ఎందుకొచ్చాయో చెట్లలో వెతకడం ఆమె పని. ఆ ముక్కను గరుకు కాగితంతో రెండు రోజులు రుద్ది, నున్నగా చేసి, భూతద్దం పెట్టింది.

"తాతగారూ, రెండేళ్ళు మింగేశారు."

"నేనా? నువ్వు పుట్టకముందు నుంచీ లెక్కపెడుతున్నానమ్మాయ్."

"నిజమే. కానీ మరీ ఎండిన ఏడాదిలో చెట్టు గీతను చుట్టూతా గియ్యలేదు. ఓ పక్క గీసి వదిలేస్తుంది. మీరు ఇటే చూశారు. అటు తిప్పండి."

తిప్పాడు. సన్నగీతల మధ్య వెంట్రుకల్లాంటివి ఇంకో రెండు. అంటే లెక్క రెండేళ్ళు వెనక్కి జరిగింది; కరువు ఆయన పుట్టడానికి ఏడాది ముందే మొదలైంది.

"దూరపు అడవుల చెట్లలోనూ గీతలు అప్పుడే సన్నబడ్డాయి. అసలు వానమబ్బే రాలేదు. పంటలు పోయాకే మీ నాన్నగారు కొండెక్కి ఉంటారు."

"ఉంటారంటున్నావ్."

"ఎందుకెక్కారో చెట్టు చెప్పదు తాతగారూ. ఏది ముందో, ఏది వెనకో చెబుతుంది."

తాత మూడుసార్లు తనే లెక్కపెట్టుకున్నాడు. ఓడిపోయినందుకు అంత తేలికపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

సాయంత్రం ముక్క చంకన పెట్టుకుని మిల్లుకు బయల్దేరాడు. నానమ్మా నేనూ వెంటపడ్డాం.

"నా లెక్క తప్పురా. కరువు ముందొచ్చింది, మా నాన్న గొడ్డలి తర్వాత," అని అక్కడ ఒక్కొక్కరికీ తిప్పి తిప్పి చూపించాడు.

"యాభై ఏళ్ళ కాపురంలో ఈయన నోట 'నా లెక్క తప్పు' అని వినడం ఇదే మొదలు," అంది నానమ్మ. "ఏదీ, ఇంకోసారి అనండి."

తాత అన్నాడు.