ఆ ఇసుక సంగతి

నా చిన్నప్పుడు నేను విశాఖపట్నం రెండుసార్లు చూశాను. మొదటిసారి ఏలూరులో మా ఇంట్లో మంచం మీద పడుకుని చూశాను, రెండోసారి రైలెక్కి వెళ్ళి చూశాను. రెండిట్లో ఏది బాగుందని అడిగితే మొదటిదే అంటాను. ఆ మాట అనవలసిన మనిషి ముందు, అనవలసిన రోజున మాత్రం అనలేకపోయాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. టైఫాయిడ్ వచ్చింది. ఆ రోజుల్లో టైఫాయిడ్ అంటే ఇరవై ఒక్క రోజులు మంచం దిగకూడదు, అన్నం మాట ఎత్తకూడదు. పొద్దున బార్లీ, మధ్యాహ్నం బార్లీ, సాయంత్రమైనా మారుస్తారేమోనని ఆశగా చూస్తే మళ్ళీ బార్లీ. గ్లాసు చూస్తేనే నాకు డోకొచ్చేది. పెదాలు బిగబట్టి గోడవైపు తిరిగిపోయేదాన్ని. మొండిఘటాన్ని లెండి, మా వాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. నేను పుల్లలా అయిపోతుంటే అమ్మ చాటుగా కళ్ళొత్తుకునేది. నాన్నగారు సింహాచలం అప్పన్నకి నా తలనీలాలు మొక్కేశారు.

నాచేత ఆ బార్లీ తాగించింది పక్కవాటాలో ఉండే అక్క. ఆవిడకి ఇరవై రెండో ఇరవై మూడో ఉండేవి. కొల్లేటి లంకలో అమ్మమ్మ దగ్గర పెరిగిన మనిషి. వాళ్ళ నాన్నగారు గూడ్సు రైళ్ళలో గార్డు, వాల్తేరు దాకా వెళ్ళొస్తుండేవారట. విశాఖపట్నం స్టేషన్‌ని అప్పుడు వాల్తేరనేవారు. లంకకి వచ్చినప్పుడల్లా కూతురికి ఆ ఊరి కబుర్లు చెప్పి, వచ్చే ఏడాది నిన్నూ తీసుకెళ్తానే అనేవారట. ఆ వచ్చే ఏడాది రాకముందే ఆయనకి పక్షవాతం వచ్చి, ఒక కాలూ ఒక చెయ్యీ మాటా పోయాయి. ఆయన్ని చూసుకోవడానికి అక్క ఏలూరు వచ్చింది. ఏం కావలసినా ఆయన కర్రతో మంచంకోడు మీద కొట్టేవారు. ఆ చప్పుడు వినపడనంత దూరం అక్క ఎప్పుడూ వెళ్ళేది కాదు. మా మంచానికీ ఆయన మంచానికీ మధ్య ఒక్క గోడే గనక మా ఇంటికి మాత్రం వచ్చేది.

మధ్యాహ్నం ఆయన కునుకు తియ్యగానే అక్క వచ్చి నా మంచంపట్టె మీద కూర్చునేది. "బుల్లీ, వాల్తేరు వెళ్దామా? లేచి జడ వేసుకో, రైలొచ్చేస్తోంది" అనేది. ఏలూరులో ఎక్కేవాళ్ళం. తాడేపల్లిగూడెంలో రైలాగితే ఇడ్లీ కొనిపెట్టవే అని అడిగేదాన్ని. "హమ్మో, జ్వరమొచ్చిన పిల్లకి ఇడ్లీయా? మీ అమ్మ నన్ను చంపేస్తుంది" అనేది. చూశారా, కథలో కూడా పథ్యమే! గోదావరి మీద డబ్బు వేసి దణ్ణం పెట్టించేది. ఆ తర్వాత ఒక్కో మధ్యాహ్నం ఒక్కో చోటు. ఒకరోజు హార్బరు, ఒకరోజు సింహాచలం మెట్లు, ఒకరోజు భీమిలి దారి. అన్నిటికన్నా ముఖ్యం కొండమీది లైట్‌హౌసు. దానిలోపల చుట్లుచుట్లుగా మెట్లుండేవి, బార్లీ ఒక్క గుక్క తాగితే ఒక్క మెట్టు. సగం గ్లాసు దగ్గర నేను మారాం చేస్తే, "సరే, అక్కడే కూర్చో మరి. మధ్యలో కిటికీ ఉండదు, గాలాడదు, నీ ఇష్టం" అనేది. నాకు నిజంగానే ఊపిరాడనట్టుండేది. గడగడా తాగేసి పైకెక్కేసేదాన్ని.

పైకెక్కాక అక్క చూపించిన సముద్రం ఎలా ఉండేదనుకున్నారు? అవతలి గట్టు మీద తాటిచెట్లు మసకమసకగా కనపడేవి. నీళ్ళ అంచున తుంగ, అందులో గూడబాతులు. ఓడ రేవులోకి వస్తుంటే నలుగురు మనుషులు గడలు వేసి తోసేవారు. పాపం, అక్క చూసిన నీళ్ళు కొల్లేరే. దాన్నే సాగదీసి, ఉప్పు కలిపి సముద్రం చేసింది. నాకేం తెలుసు, అన్నీ నమ్మాను. ఇరవై ఒక్క రోజులూ గడిచాయి, నేను బతికి బట్టకట్టాను.

వేసవిలో మొక్కు తీర్చడానికి మమ్మల్ని నిజం రైలెక్కించారు నాన్నగారు. ముందురోజు అక్క నా జడ అల్లుతూ ఒకటడిగింది. అంతవరకూ ఆవిడ నన్నేమీ అడిగిన మనిషి కాదు. "సముద్రంలో చీలమండల దాకా దిగి నిలబడితే, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళకింద ఇసుక జారిపోతుందని మా నాన్న చెప్పేవారే. నాకెప్పుడూ అర్థం కాలేదు. మా కొల్లేరులో దిగితే బురద కాలు పట్టుకుంటుంది, లాక్కున్నా వదలదు. నేల జారిపోవడమేమిటి? మనిషి పడిపోడూ? నాన్ననడుగుదామంటే ఆయనకి మాట లేదాయె. నువ్వు నిలబడి చూసొచ్చి, ఎలా ఉంటుందో నాకు చెప్పవూ?" అంది. ఓస్, ఇంతేనా అన్నాను.

సింహాచలంలో గుండు కొట్టించుకుని సముద్రం దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పమంటారు! అంత నీళ్ళు, ఆ హోరు, అవతల గట్టన్నదే లేదు. మొదటి అల ఇంకా పది గజాల దూరాన ఉండగానే కెవ్వుమన్నాను. నాన్నగారు భుజానికెత్తుకుంటే ఆయన మెడ కరుచుకుని, నాకెలాగూ జుట్టు లేదు గనక ఆయన జుట్టు పట్టుకుని, ఊళ్ళోవాళ్ళంతా తిరిగి చూసేలా ఏడ్చాను. అమ్మ బతిమాలింది, నాన్నగారు మరమరాలు కొనిపెడతానన్నారు. ఊహూ. కనీసం బొటనవేలైనా తడుపుకోకుండా తిరిగొచ్చేశాను.

ఇంటికి చేరిన మర్నాడు ప్రసాదం కోసం వీధిలో ఆడవాళ్ళంతా మా అరుగు మీదికొచ్చారు. అందరూ నా గుండు నిమిరి ముద్దుచేస్తున్నారు. ఇంతలో అమ్మ నవ్వుతూ, "సముద్రం దగ్గర ఇదేం చేసిందో తెలుసా" అని మొదలుపెట్టింది. అమ్మ ఆ ఏడుపు సంగతి చెప్పేలోపు ఇంకేదో చెప్పెయ్యాలి. ఎదురుగా అక్క కనపడింది.

"అక్క చెప్పినవన్నీ కోతలే! సముద్రానికి అవతల గట్టే లేదు. గూడబాతుల్లేవు, తుంగ లేదు. ఓడని గడలేసి తోస్తారంట! అక్కకి ఏమీ తెలీదు, ఎప్పుడూ చూడలేదు" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. నవ్వేసరికి నాకింకా ఊపొచ్చింది, గడలేసి ఓడని తోస్తున్నట్టు ఆడి చూపించాను. అక్క కూడా నవ్వింది, పాపం, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. గోడకవతల కర్ర చప్పుడవుతోంది. ఎప్పుడూ ఒక్క చప్పుడుకే లేచే మనిషి ఆ రోజు వెంటనే వెళ్ళలేదు. నా దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినపడేలా, "మరి ఆ ఇసుక సంగతి చూశావుటే?" అని అడిగింది.

భయమేసి దిగలేదక్కా అంటే సరిపోయేది. దగ్గరికి తీసుకుని ఇంకా ముద్దుచేసేదేమో. "నువ్వే వెళ్ళి చూసుకో" అన్నాను, అరుగంతా వినపడేలా.

నవ్వులాగిపోయాయి. ఎవరో "హవ్వ" అన్నారు. అక్క "అలాగేనమ్మా" అని, ప్రసాదం కళ్ళకద్దుకుని, కర్ర చప్పుడు వస్తున్న వైపు వెళ్ళిపోయింది. అమ్మ నన్ను లోపలికి లాక్కెళ్ళింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమే" అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క మామూలుగానే వచ్చింది. చేతిలో గంధం గిన్నె. ఎండకి గుండు మీద సెగ్గడ్డలు లేస్తాయని తలంతా చల్లగా రాసింది. నేను కళ్ళు మూసుకుని, బుల్లీ, వాల్తేరు వెళ్దామా అంటుందేమోనని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. రాయడమయ్యాక గిన్నె కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు వచ్చింది, గుండు మీద జుట్టు మొలిచేదాకా గంధం రాసింది. కథ మాత్రం మళ్ళీ చెప్పలేదు. రేపు చెబుదాం నిజం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేను రోజులు నెట్టేశాను. వానాకాలంలో వాళ్ళ నాన్నగారు పోయారు. దినాలయ్యాక ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి పక్కవాటాకి తాళం వేసుంది. అక్కని లంకకి తీసుకెళ్ళిపోయారని అమ్మ చెప్పింది. ఆ లంక పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. అమ్మకీ గుర్తు లేదు.

నేను పెద్దదాన్నయ్యాను, టీచరునయ్యాను. ట్రైనింగులకనీ పెళ్ళిళ్ళకనీ విశాఖపట్నం ఎన్నిసార్లు వెళ్ళానో. లైట్‌హౌసు చూశాను, హార్బరు చూశాను, భీమిలి వెళ్ళాను. సముద్రం దగ్గర మాత్రం చెప్పులు విప్పేదాన్ని కాదు. మోకాళ్ళ నొప్పులనో చీర తడుస్తుందనో అనేదాన్ని.

రిటైరయ్యే ముందు ఏడాది కైకలూరు వైపు ఒక స్కూల్లో పనిచేశాను. మధ్యాహ్నం పిల్లలకి వండిపెట్టే ఆవిడ, జ్వరం తగ్గి వచ్చిన ఒక చిన్నపిల్లకి అన్నం పెడుతూ, "ఇంకొక్క ముద్ద తినమ్మా, లైట్‌హౌసులో ఇంకొక్క మెట్టెక్కుతావు. మధ్యలో కూర్చుంటే గాలాడదు మరి" అంటోంది. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను.

"మా లంకలో ఒకావిడ ఉండేవారండి. పెళ్ళీ పేరంటం లేదు, ఒక్కరే ఉండేవారు. ఏ పిల్లకి జ్వరమొచ్చినా ఆవిణ్ణే పిలిచేవోళ్ళం. మంచం దగ్గర కూర్చుని విశాఖపట్నమంతా తిప్పేసేవారండి. పోయి నాలుగేళ్ళయిందండి."

ఆవిడ సముద్రం ఎలా ఉంటుందని చెప్పేవారు, అన్నాను.

"అవతల గట్టుండదర్రా అనేవారండి. గూడబాతులుండవు, ఓడలకి గడలుండవు, మన కొల్లేరులా ఉంటుందనుకోకండి అనేవారు. ఏలూరులో నాకో చెల్లెలుంది, అది స్వయంగా చూసొచ్చి చెప్పింది, అది అబద్ధమాడదు అని మరీ చెప్పేవారండి. కాళ్ళకింద ఇసుక జారుద్దంట కదండీ, అదెలా ఉంటదని మేమడిగితే మాత్రం, అయ్యో, ఆ ఒక్కటీ దాన్నడగడం మర్చిపోయానర్రా, మీలో ఎవరెళ్ళినా చూసొచ్చి చెప్పండి అనేవారండి."

ఎవరైనా చెప్పారా అన్నాను. "మేమెక్కడెళ్ళామండి, అప్పటికి చేపల చెరువులే మాకు లోకం. నేనింకా సముద్రం చూళ్ళేదండి" అంది.

ఆ ఆదివారమే ఏలూరులో రైలెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. చెప్పులు విప్పి చీలమండల దాకా దిగాను. యాభై ఏడేళ్ళ మనిషినండీ, భయమేసింది. అల వచ్చింది, తిరిగి పోయింది. ముందు మడమల కింద ఇసుక కదిలింది, తర్వాత వేళ్ళ కింద. ఎవరో మెల్లగా నా కింద చాప లాగేస్తున్నట్టు ఉంది. ఒళ్ళు తూలింది, పడలేదు. కాళ్ళు కాస్త కూరుకుపోయి, అక్కడే నిలబడ్డాయి. ఇంతే. ఇంత చిన్న జవాబు. నీళ్ళలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను, చిన్నప్పటి కంటే గట్టిగా.

సోమవారం వంటావిణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను, నాన్నగారి జుట్టు పట్టుకుని ఏడ్చిన దగ్గర్నుంచి. ఆ చెల్లెల్ని నేనేనని కూడా చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఆవిడ ఉండగానే తెలిసుంటే బాగుండేదండి" అంది. అవును, బాగుండేది.

మొన్న మా మనవరాలు స్నేహితురాళ్ళతో విశాఖపట్నం వెళ్తూ, చూడాల్సినవన్నీ ఫోన్లో రాసుకుంది. సబ్‌మెరీను, కైలాసగిరి, బొర్రా గుహలు, ఎక్కడెక్కడ ఏం తినాలో కూడా. "అమ్మమ్మా, ఏమైనా వదిలేశానా?" అని అడిగింది. చివర ఒకటి రాయించాను: చెప్పులు విప్పి చీలమండల దాకా దిగి నిలబడు, వచ్చి నాకు చెప్పు. "నీకు తెలుసు కదా!" అంది. తెలిసినా సరే, చెప్పు అన్నాను. ఎవరు ఏ ఊరు వెళ్ళొచ్చినా ఇప్పుడు నేనలాగే అడుగుతాను. ఎవరైనా నన్నడిగితే, నేను భయపడిన సంగతితో సహా ఏదీ దాచకుండా చెబుతాను.

అక్క అడగడం మర్చిపోలేదండీ. అడిగింది. నేనే చెప్పలేదు.