అవ్వ ఓడిపోయిన కేసు

డెబ్బైల్లో నేను నగరంలో లా పిల్లలకు కంపెనీ చట్టం చెప్పేవాణ్ణి. కంపెనీకి లాభం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న జనం పట్ల బాధ్యత కూడా ఉండాలని నేనంటుంటే వాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఓ ఎండాకాలం పదిమందిని రైలెక్కించి రామగుండంలో దించి, గోదావరిఖనిలో మా అక్క ఉండే గని క్వార్టరుకు తోలుకుపోయాను.

అక్క ఇంటికి చల్ల పోసే అవ్వది రోడ్డవతలి ఊరు. గని తవ్వాక ఆ ఊరి బావులు ఎండిపోయాయి. ఇవతల కాలనీలో ఇంటింటికీ నల్లా, అవతల ఖాళీ బిందెలు. ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుందని అక్క వాకిట్లోనే ఉత్తుత్తి కోర్టు పెట్టాను. నేను జడ్జిని, అవ్వ ఫిర్యాది. కంపెనీ వకీలు మా తరగతిలో అందరికన్నా చురుకైన కుర్రాడు.

ఇది ఆటే అని ఎంత చెప్పినా అవ్వ తల ఊపిందే గానీ నమ్మలేదు. ఉతికిన చీర కట్టుకుని, సాక్ష్యానికి బావి బొక్కెన చంకన పెట్టుకుని వచ్చింది.

"ఎంత చేదినా బురదే వస్తున్నది సారూ. మేం ఎట్ల బతకాలె?" అంది.

మావాడు లేచి, ఊరికి నీళ్లివ్వాలని ఏ చట్టంలోనూ లేదని గడగడా వాదించాడు. నిజమే మరి. చేదుమాత్ర మింగినట్టు మొహం పెట్టి కేసు కొట్టేశాను.

అవ్వ బొక్కెన ఎత్తుకుంది. "పెద్ద కోర్టు ఏడున్నది సారూ? ఈడ ఓడినోళ్లు ఆడికి పోతరంట గద."

పిల్లలంతా గొల్లుమన్నారు. గెలిచినవాడు మాత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే అవ్వను వెంటబెట్టుకుని గని మేనేజరు దగ్గరికి బయల్దేరాడు. ఏం వెలగబెడతాడో చూద్దామని నేనూ వెళ్లాను.

కాలనీ చివరి నల్లా పైపును రోడ్డు దాటించమని అడిగాడు. మేనేజరు ఫైల్లోంచి తలెత్తకుండానే, "ఇవ్వాలని చట్టంలో ఎక్కడుందయ్యా?" అన్నాడు.

"ఎక్కడా లేదండి. నిన్న ఆ మాట చెప్పే ఈమెను ఓడించాను. అయినా ఇవాళ నా గ్లాసులో చల్ల పోసింది. గొంతు దిగలేదు."

మేనేజరు అప్పుడు తలెత్తాడు. బొక్కెన పట్టుకుని నిలబడ్డ అవ్వను చూసి నవ్వేశాడు. "మంచి వకీల్నే పట్టావవ్వా" అన్నాడు.

వానలు పడకముందే రోడ్డవతల నల్లా పడింది. పెద్ద కోర్టుల గెలిచిన్నని అవ్వ ఊరంతా చెప్పుకుంటోందని అక్క చెప్పింది. అది విని ఎంత పొంగిపోయానో. నా తీర్పు చెల్లకుండా పోయినందుకు అంత సంబరపడ్డ జడ్జి ఇంకొకడు ఉండడు.