గుండీల డబ్బా

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. రోజుకు వందల కాజాలు కుడుతుంది, ఒక్కటీ వంకర పోదు. ఏడో నెల కడుపు మిషనుకు తగులుతున్నా చెయ్యి తడబడదు. ఆ చెయ్యి వణికేది పొద్దున ఎనిమిదింటికే, ఇంట్లో.

అప్పుడామె స్నానాలగదిలో గడియ పెట్టుకుని గుండీల డబ్బా తెరుస్తుంది. గుండీల అడుగున, గలగలమనకుండా దూదిలో చుట్టిన హెచ్ఐవి మాత్రలు. మూడో నెల రక్తపరీక్షలో ఆ జబ్బు ఆమెకు, తర్వాత ఆమె భర్తకు బయటపడింది. రోజూ వేళకు మాత్ర వేసుకుంటే బిడ్డకు అంటకుండా కాపాడుకోవచ్చని నర్సు చెప్పింది. "అమ్మకి మాత్రం చెప్పకు" అని మొగుడు తన లారీ ఎక్కేశాడు. భయం ఇంట్లో మిగిలింది. మగాళ్లకు అదొక సుఖం.

అత్తగారు చెడ్డది కాదు, తంటా అంతా అదే. పైగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. లోపల బిడ్డ తన్నితే వీధి చివరిదాకా తెలియాల్సిందే. కోడలు బయటికి రాగానే, పరగడుపునే, కాల్షియం బిళ్ల, నీళ్ల గ్లాసుతో ఎదురొస్తుంది.

"మింగావా? ఏదీ, నోరు తెరువు. నీ సంగతి నాకు తెలీదూ!"

ఇద్దరూ నవ్వుకునేవారు.

ఏడో నెల పరీక్షలో రక్తంలో వైరస్ అనుకున్నంత తగ్గలేదు. "మాత్రలు మానేశావా?" అంది నర్సు. ఒట్టు, ఒక్క రోజూ మానలేదంది. గుచ్చి గుచ్చి అడిగితే కాల్షియం సంగతి బయటికొచ్చింది.

"పరగడుపున రెండూ కలిపితే ఈ మాత్ర ఒంటికి పట్టదమ్మా! ఇది వేసుకున్నాక కనీసం రెండు గంటలాగి అది వేసుకోవాలి. నెలాగి మళ్లీ పరీక్ష చేద్దాం."

"ఈలోగా బిడ్డకి?"

ఇంకా టైముందని నర్సు అందే తప్ప, ఏమీ కాదని అనలేదు. ఆ అనని మాటే దారి పొడుగునా కాజాలమ్మ చెవిలో మోగింది.

మర్నాడు "తర్వాత వేసుకుంటా అత్తయ్యా" అంటే ఆవిడ వినలేదు. "తర్వాతంటే మర్చిపోతావు. నా మనవడి ఎముకలేం కావాలి?" గ్లాసు పెదవుల దాకా వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాజాలమ్మ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. జబ్బు సంగతి, మాత్ర సంగతి, రెండు గంటల సంగతి, అన్నీ చెప్పేసింది.

అత్తగారు గుండీల్లోంచి దూది తీసి విప్పి చూసింది.

"వాడిక్కూడానా?"

"ఆయనకీ ఉందత్తయ్యా."

ఆవిడ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ పూట కాజాలు వంకర పోయాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈపాటికి వీధంతా పాకే ఉంటుంది. ఒంటిగంటకు భోజనాల గంట కొట్టగానే గేటు దగ్గర కాపలావాడు కేకేశాడు. "మీ అత్తగారొచ్చారమ్మా. మనిషి అదోలా ఉన్నారు."

చుట్టూ వందమంది ఆడవాళ్లు. ఇక్కడే, అందరి ముందూ నిలదీస్తుందనుకుంది. గేటు వైపు నడిచింది.

అత్తగారి కళ్లు వాచి ఉన్నాయి. గుప్పిట్లో చెమటకు తడిసిన కాగితం పొట్లం, అందులో కాల్షియం బిళ్ల.

"రెండు గంటలు ఎప్పుడో దాటిందిగా. ఇప్పుడు ఫరవాలేదా?" అంది గుసగుసగా. ఆవిడ గుసగుసలాడటం కాజాలమ్మ ఎన్నడూ వినలేదు.

బిళ్ల మింగింది. నోరు తెరవమని ఆవిడ అడగలేదు. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బిడ్డకేం కాదు కదే?"

"తెలీదత్తయ్యా" అంది కాజాలమ్మ.