బుగ్గ గీకిన పుల్ల

నిన్న గుడివాడ హోటల్లో పక్క కుర్చీ ఆయన టూత్‌పిక్‌తో నోరంతా గెలికి, ఆ పుల్లని నా విస్తరి పక్కనే పెట్టాడు. ఛీ! తినలేక లేచి వచ్చేశాను.

మన దివిసీమ బడి గుర్తొచ్చింది. సైన్సు మాస్టారు పుల్లతో నా బుగ్గ లోపల గీకి, ఆ జిగురుని గాజుపలకకి రాసి, నీలిరంగు చుక్క వేసి మైక్రోస్కోపులో చూపించారు. నాతో చదివిన మీకూ గుర్తుందా?

"ఒరే, వీడి నోట్లో చేప పొలుసులున్నాయిరా!" అని అరిచాడు మన క్లాసులోనే చదివే మా బావ.

"పొలుసులు కాదురా, కణాలు. రోజూ ఊడిపోతుంటాయి," అన్నారు మాస్టారు.

సిగ్గుపడుతూనే అడిగాను. "ఊడినవి ఎక్కడికి పోతాయండీ?"

"ఎక్కడికేంటి? అన్నంతో పాటు నువ్వే మింగేస్తావు."

మధ్యాహ్నం క్యారేజీ విప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, ఆకలికి ఆగలేక కళ్లు మూసుకుని మింగేశాను. నన్ను నేనే తిన్నట్టనిపించింది.