తోరణం వెనక మా ఆఫీసు కోడ్

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేదాన్ని. స్కూళ్లలో హాజరు చూసుకునే ప్రోగ్రాం అక్కడ తయారయ్యేది. మా సార్‌ది గుంటూరు వైపు. అంతకుముందు లెక్కల లెక్చరర్. కంప్యూటర్‌లో చూస్తే ఆయనకు తప్పులు దొరకవు. అందుకని కోడ్ అంతా ప్రింటు తీయించి, పరీక్ష పేపర్లలాగా ఎర్ర పెన్నుతో దిద్దేవారు. ఒకసారి పదికి ఆరు వేశారు.

దిద్దిన కాగితాలు చెత్తబుట్టలోకి పోయేవి. ఒకవైపు ఖాళీయే. యాభై దాటాక నేను ఎల్‌బీ నగర్‌లో మా బస్తీ ఆడవాళ్లతో కలిసి అక్షరాలు నేర్చుకుంటున్నాను. రాసుకోవడానికి ఆ కాగితాలు క్లాసుకు మోసేదాన్ని. అందరం ఆ కోడ్ వెనకే ఓనమాలు దిద్దాం.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తినాలి, బండ్లు ఆగిపోవాలి. మా క్లాసు ఆడవాళ్లు కాగితానికొకసారి 'జై తెలంగాణ' అని సొంతంగా రాసి, సుతిలి తాడుకు కట్టి, రోడ్డుకు అడ్డంగా తోరణం వేలాడదీశారు. ఊరి నుంచి వస్తున్న మా సార్ బస్సు దానికి అవతలి పక్క ఆగింది. రెండు గంటలు ఆగింది. ఆయనకు కనిపించే వైపు నినాదం లేదు. ఎర్ర టిక్కులున్నాయి.

మర్నాడు పొద్దున నన్ను పిలిచారు.

"ఏమ్మా, మన కోడ్ రోడ్డెక్కిందేంటి?"

"నేనే ఇచ్చిన సార్. పారేసిన కాగితాలే గదా అని."

"అది కంపెనీ ఆస్తి! బయటికి పోతే దొంగతనం అంటారు. రేపట్నుంచి రావద్దు."

నా వయసులో ఇంకో ఆఫీసు నన్ను పెట్టుకోదు. చాయ్ గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

కోడ్ రాసే అమ్మాయి మా నల్గొండ పిల్లే. కుర్చీలోంచి లేవకుండానే అంది: "సార్, గా పేజీలు మనయి కావు గదా."

"మనవి కాకపోవడమేంటి?"

"వేరేటాయన రాసి నెట్‌ల పెట్టిండు. ఎవరన్న వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నడు. పైన తన పేరూ, గా షరతూ మాత్రం తియ్యొద్దన్నడు. మీరే తీసెయ్యమంటిరి."

"ఊరికే ఇచ్చినోడికి పేరెందుకమ్మా?"

"ఊరికే ఇచ్చిండు కాబట్టే సార్. ఆయన అడిగింది గదొక్కటే. ఈమె కాగితాలు తీసుకపోతే దొంగతనమైతే, మరి మనం చేసినదాన్ని ఏమనాలె?"

సార్ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, చాయ్ తాగేశారు.

"ఇప్పుడేం చెయ్యాలంటావు?"

"పేరూ, షరతూ మళ్ల పెడదాం. పెట్టి అమ్ముకుందాం. గాయనకేం అభ్యంతరం లేదు."

ఆ మధ్యాహ్నమే కొత్త ప్రింటు వచ్చింది. పైన ఆ కోడ్ రాసినాయన పేరూ, షరతూ ఉన్నాయి. అలవాటు కొద్దీ సార్ ఆ పేరునూ దిద్దబోయి ఆగారు.

"రేపు నేను రావాల్నా సార్?" అని అడిగాను.

"రాకపోతే చాయ్ ఎవరు పెడతారు?" అన్నారు తలెత్తకుండా. తర్వాత ఆ అమ్మాయికి చెప్పారు, ఇకనుంచి ప్రింట్లన్నీ కాగితానికి రెండువైపులా తీయమని.

అట్లా నా ఉద్యోగం నిలబడింది. క్లాసుకు కాగితాలు లేకుండా పోయాయి.