దుబాయ్ ఇంటి దశమ భాగం

దుబాయ్‌లో నర్సుగా పనిచేసినన్నాళ్లూ కడుపు కట్టుకుని నేను కొన్న ఇల్లు అది. ఒక గది, ఒక వంటిల్లు, కిటికీలోంచి మెడ బాగా సాచితే సముద్రం. మార్కాపురం వచ్చేశాక ఏటా సెలవులకు వెళ్లి రావచ్చని ఉంచుకున్నాను. మిగతా నెలల్లో దాన్ని టూరిస్టులకు అద్దెకిచ్చే పని మా ఆయన నెత్తినేసుకున్నాడు. ఆ అద్దె కూడా తన ఖాతాలోనే వేయించుకున్నాడు లెండి.

మా చర్చిలో కానుక కవరు మీద పేరు, కారణం రాసి ఇస్తే పాస్టరుగారు మైకులో చదివి ప్రార్థన చేస్తారు. కూతురు పాసైందనో, బర్రె ఈనిందనో రాస్తారు జనం. మా ఆయన మాత్రం తన పేరు వేసుకుని “దుబాయ్ ఇంటి అద్దెలో దశమ భాగం” అని రాసేవాడు. సంఘమంతా ఆయన వైపు తిరిగేది. ఆయన తల వంచుకునేవాడు. అబ్బో, ఎంత వినయమో! నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే, నేను తమ్ముడూ అని పిలిచే మా సంఘం ఆడిటరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“అక్కా, ఆ అద్దె ఇక్కడ టాక్సు రిటర్నులో చూపిస్తాండారా?”

మా ఆయన నవ్వేశాడు. “అక్కడ అద్దె మీద టాక్సే లేదబ్బా. ఇక్కడ కట్టేదేంది?”

“అక్కడ లేకపోతే ఏంది బావా? అక్క తిరిగొచ్చి ఏళ్లయింది. ఇక్కడుండేవాళ్లు ఏ దేశంలో సంపాదించినా ఇక్కడ చూపాల్సిందే. అద్దె రాకపోయినా ఇల్లుందని రాయాల. దాచినారని తేలితే పెనాల్టీతో పోదు, జైలు దాకా పోవచ్చు.”

“దేవుడికి పదో వంతు ఇచ్చినాం కదా!”

“ఇచ్చినారని మైకులో ఊరంతా విన్నది బావా. నా భయమే అది.”

“జైలంటే ఎవరికి?” అన్నాను.

“ఇల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్లకక్కా.”

మా ఆయన మొహం తేటపడింది. పడిందండీ, నా కళ్లతో చూశాను! “అట్లయితే నాకేం లేదా?” అన్నాడు. నా చెప్పు కాలికే ఉండిపోయిందంటే అది అప్పుడే లోపల విన్న దేవుని వాక్యం మహిమ.

ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేదు. “ఇల్లు నాది, జైలు నాది, అద్దె మాత్రం నీదా?” అని కడిగేశాను. వారం తిరక్కుండా అద్దె నా ఖాతాకు మారింది. పాత ఏళ్లవి కూడా ఆడిటరు తమ్ముడితో సరిచేయించి వడ్డీతో సహా కట్టాను. కడుతుంటే ఏడుపొచ్చింది. అయినా కట్టాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాతి కవరు నేనే రాశాను. పాస్టరుగారు అలవాటు చొప్పున మా ఆయన పేరు ఎత్తబోయి, ఆగి, కళ్లజోడు సర్దుకుని నా పేరు చదివారు. “దుబాయ్ ఇంటి అద్దెలో, టాక్సు కట్టగా మిగిలినదాంట్లో దశమ భాగం.”

సంఘమంతా నేను కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగింది. నేను తల వంచుకోలేదు.