గుప్పెడు కన్నడ మాటలతో చింతామణికి చుట్టుదారి

చిక్కబళ్లాపురం నుంచి చింతామణికి శిడ్లఘట్ట మీదుగా నేరు బస్సులున్నాయి. ఎంత నీరసంగా నడిచినా గంటన్నరలో దించేస్తాయి. పోయిన గురువారం నేను మాత్రం ముందు బాగేపల్లికి వెళ్లి, అక్కడ బస్సు మారి, చేలూరు మీదుగా దిగి, భోజనాల వేళ దాటాక చింతామణి చేరాను. దారి తెలియక కాదు. కన్నడ మాట్లాడటం అలవాటు చేసుకోవడానికని మా అమ్మాయికి చెప్పాను. డెబ్బై దాటిన మనిషి చెప్పే కారణాలను పిల్లలు వాదించకుండా ఒప్పుకుంటారు. వయసుతో వచ్చే లాభాల్లో అదొకటి. అసలు సంగతి, నాకు త్వరగా చేరుకోవాలని లేదు.

చింతామణిలో నాగరత్న ఉంది. అనంతపురం కాలేజీ హాస్టల్లో నా గది పంచుకున్న మనిషి. చింతామణిలో బెల్లం, పప్పుల కొట్టు నడిపే తెలుగువాళ్ల పిల్ల. నేను తెనాలి దానిని. ఆమె "యాడ పెట్టినావే దువ్వెన?" అంటే నేను నవ్వేదాన్ని. "మీ తెలుగు రేడియోలో చదవను బాగుంటాది, మనుషులు మాట్లాడుకొనేకి కాదు" అని ఆమె తిప్పికొట్టేది. చదువయ్యాక ఆమె తమ ఊరికి పోయి కన్నడ బడిలో లెక్కల టీచరైంది, నేను మా ఊళ్లో ఇంగ్లీషు లెక్చరరునయ్యాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్లో ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకుంటూ ముసలివాళ్లమైపోయాం. వేసవికి ముందు ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి, మాట మాత్రం పోయింది. తర్వాత కొద్దికొద్దిగా తిరిగొచ్చింది, అయితే కన్నడలో. పుట్టి పెరిగిన తెలుగు రాలేదు. అలా జరగడం ఉందని, ఏ భాష వస్తే ఆ భాషలోనే పలకరించమని డాక్టరు చెప్పాడట. ఆదివారం ఫోన్లో నా గొంతు వినగానే ఏదో చెప్పబోయి, రాక, ఫోను పక్కన పెట్టి ఏడ్చిందని కోడలు సుమ చెప్పింది. తర్వాత రెండు వారాలు నేను ఫోన్ చేయలేదు.

మా అమ్మాయికి చిక్కబళ్లాపురం బదిలీ అయి నేను ఇక్కడికి వచ్చి ఏడాది కావస్తోంది. రాష్ట్రం దాటితే నా లెక్కలో విదేశమే. వీసా అడగరు, అంతే తేడా. ఇన్నాళ్లూ కన్నడ అవసరం పడలేదు. పాలవాడి దగ్గర నుంచి పళ్లమ్మే ఆమె వరకు అందరికీ తెలుగు వచ్చు. ఇప్పుడు పడింది. ఫోన్లో పాఠాలు చెప్పే ఒక యాప్ పెట్టుకున్నాను. అది నాకు ముందుగా "కుదురె ఓడుత్తిదె" నేర్పింది. గుర్రం పరుగెత్తుతోందని అర్థం. ఈ జిల్లాలో ఆ మాటతో ఏ పనీ జరగదని రెండు రోజుల్లో గ్రహించి, కొత్త దేశంలో దిగిన మనిషికి ముందు కావలసినవి ఏరుకున్నాను: ఎప్పుడు, ఎంత, ఎక్కడ దిగాలి, నీళ్లివ్వండి, ఇక్కడ ఆపండి, తెలియదు, నెమ్మదిగా మాట్లాడండి. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్ది జీతం తీసుకున్నదాన్ని, అద్దం ముందు నిలబడి "నీరు కొడి" అని అద్దాన్నే నీళ్లడిగాను.

ఉదయం ఎనిమిది దాటాక చిక్కబళ్లాపురం బస్టాండులో అడుగుపెట్టాను. పూల బుట్టలు దింపుతున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని, "బాగేపల్లి బస్సు యావాగ బరుత్తె?" అన్నాను. ఎప్పుడొస్తుందని. ఆయన నా చీరకట్టు, నా ముఖం చూసి, "ఇప్పుడే వస్తాదమ్మా, ఆ నీడకు కూర్చోండి" అన్నాడు. తెలుగులో. నేను పట్టువదలక "ధన్యవాద" అన్నాను. "అయ్యో, దానికేముండాది లేమ్మా" అన్నాడు.

బస్సులో కండక్టరుతోనూ అంతే. కర్ణాటకలో ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అయితే ఆ ఆధార్ కర్ణాటకదై ఉండాలి. నాదింకా తెనాలి చిరునామాలోనే ఉంది. "ఒందు బాగేపల్లి కొడి" అన్నాను ఠీవిగా. అతను కార్డు తిరగేసి చూసి, "మీది ఆంధ్రా గదమ్మా, దుడ్డియ్యాల" అన్నాడు.

"కన్నడ మాట్లాడినా ఇవ్వాలా?"

"కన్నడకు టికెట్ లేదమ్మా, మీకే."

"పోనీ, నాతో కన్నడలో మాట్లాడు నాయనా. నేర్చుకుంటున్నాను."

"ఎందుకమ్మా కష్టపడ్తాండారు? మా ఇంట్లో కూడా తెలుగే." అరవై రూపాయల లోపు టికెట్ చించి ఇచ్చి, వెనక సీటువాళ్లతో గలగలా కన్నడ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. ఈ ప్రాంతపు మర్యాద ఇది. ఎదుటివారి భాష పసిగట్టగానే తమది పక్కన పెట్టి అందులోకి దిగిపోతారు. గడపలో కాళ్లకు నీళ్లిచ్చినట్టు. నా జన్మలో మర్యాద మీద ఇంత విసుగు ఎప్పుడూ పుట్టలేదు.

హైవే మీద గంటసేపు. కిటికీ తెరిచాను, దుమ్మొస్తోందని మూశాను, ఉక్కపోస్తోందని తెరిచాను. పక్కన కూర్చున్నామె చివరికి లేచి వేరే సీటుకు పోయింది. నాగరత్నతో మాట్లాడటానికి ఒక పెద్ద వాక్యం తయారుచేసుకుని ఉన్నాను: నీ ఆరోగ్యం గురించి విని చాలా బాధపడ్డాను, త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. బండరాళ్ల గుట్టలు వెనక్కి పోతుంటే దాన్ని మనసులో వల్లించాను. ప్రతిసారీ క్రియాపదం దగ్గర బండి ఆగిపోయింది.

బాగేపల్లి బస్టాండు ఎదురుగా చిన్న హోటలుంది. తట్టె ఇడ్లీ, పళ్లెమంత వెడల్పు. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు, కాఫీతో కలిపి యాభై కాలేదు. గల్లా దగ్గర కూర్చున్న ఇల్లాలిని కన్నడలో నీళ్లడిగాను. ఆమె నీళ్లూ ఇచ్చి, తెలుగూ ఇచ్చింది. ఇక ఓర్చుకోలేక నా కథంతా చెప్పాను: స్నేహితురాలి మాట, నా వాక్యం, దారంతా నన్ను తెలుగులోనే ముంచుతున్న జనం. "అయ్యో పాపమే" అంది ఆమె. "ఏదమ్మా, ఆ వాక్యం చెప్పండి చూస్తాము." చెప్పాను. 

"అది సర్కారీ కాగితంలో రాసే కన్నడ" అన్నాడు పక్క బల్ల మీద దోసె తింటున్న ఒక వక్కల వ్యాపారి. "అట్ల ఎవురూ మాట్లాడరు."

"మరి ఎట్ల మాట్లాడ్తారు, నువ్వు చెప్పప్పా" అంది గల్లా ఆమె. అతను ఒకటి చెప్పాడు. "అది కోలారు పక్క మాట, మైసూరోళ్లు వింటే నవ్వుతారు" అంది. "చింతామణిలో మైసూరోళ్లు యాడుండారు?" అని అతను. నా పలకరింపు ఎలా ఉండాలన్న దాని మీద వాళ్లిద్దరూ ఇడ్లీ చల్లారేదాకా కొట్లాడుకున్నారు. కన్నడ గురించిన ఆ కొట్లాట మొత్తం తెలుగులోనే జరిగింది. నేను లేచి వస్తుంటే గల్లా ఆమె, "ఊట ఆయ్తా అని అడగండమ్మా, చాలు. అన్నం తిన్నావా అంటే ఎవురైనా జవాబిస్తారు" అని వెనక నుంచి అరిచింది.

చింతామణి బస్సు చాకవేలు, చేలూరు మీదుగా గంటన్నర పైగా పడుతుంది. రోడ్డు సన్నం, మలుపులెక్కువ. నడుం నొప్పి ఉన్నవాళ్లు వెనక సీట్లు వద్దు. ఒక ఊరి దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే బస్సు ఆగిపోయింది. ఇక్కడే దిగి, ఎదురు బస్సెక్కి ఇంటికి పోతే? ఆమె నన్ను చూసి మళ్లీ ఏడిస్తే? ఫోన్లో అయితే పక్కన పెట్టేయగలిగింది. గదిలో ఉన్న మనిషిని ఎక్కడ పెడుతుంది? సంచీ ఒళ్లోకి తీసుకున్నాను కూడా. ఇంతలో గొర్రెలు దాటిపోయాయి. ఏ నిర్ణయానికైనా నాకు గొర్రెలు దాటేంత సమయం కూడా దొరకదు.

చింతామణిలో ఆటో ఎక్కాను. వీధి పేరు చెప్పాను. ఇల్లు ఇంకా దూరముండగానే నా నోట "ఇల్లి నిల్లిసి" అని, ఇక్కడ ఆపమని, వచ్చేసింది. ఆటో అబ్బాయి ఆపి, వెనక్కి తిరిగి, "మీరు చెప్పిన ఇల్లు ఇంకా ముందరుండాదమ్మా" అన్నాడు.

"తెలుసు. కొంచెం నడుస్తాను."

"ఈ ఎండలోనా?"

"కాళ్లు పట్టేశాయి."

నిజంగా నడిచాను. ఆ వీధిలో మొదలు నుంచి చివరికి, చివరి నుంచి మొదలుకు. మూడోసారి తిరగబోతుంటే మేడ మీద నుంచి సుమ చూసి, "అమ్మా, మా ఇల్లు ఇదే, పైకి రండి!" అని కేకేసింది. వీధి మొత్తానికి నా ధైర్యం తెలిసిపోయింది.

నాగరత్న కిటికీ పక్కన కుర్చీలో ఉంది. జుట్టు కత్తిరించారు. నన్ను చూడగానే ముఖం వెలిగింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. కళ్లలో భయం మొదలైంది. సుమ ఒక పక్క నుంచి "అత్తె, యారు బందిద్దారె నోడి" అని, ఎవరొచ్చారో చూడమని గబగబా, నాగరత్న కొడుకు ఇంకో పక్క నుంచి అంతకంటే వేగంగా. వాళ్లది ప్రేమే. కానీ ఇద్దరూ ఆమె మీద మాటలు వాన కురిసినట్టు కురిపిస్తున్నారు. నా పెద్ద వాక్యం మొదలుపెట్టాను. క్రియాపదం దగ్గర ఎప్పటిలాగే ఆగింది. మొదటికి వెళ్లాను. మళ్లీ ఆగింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. దారి తెలియని చోట చేతులెత్తేసినట్టు, నోటికి వచ్చింది అనేశాను: "ననగె కన్నడ స్వల్ప బరుత్తె. నిధానవాగి మాతాడి." నాకు కన్నడ కొంచెమే వచ్చు, నెమ్మదిగా మాట్లాడండి.

 నాగరత్న నన్నే చూసింది.  తర్వాత బాగున్న చెయ్యి ఎత్తి తన గుండె మీద పెట్టుకుని, ఒక్కో మాటా బరువైన బిందెలా దించుతూ అంది: "ననగూ... స్వల్పనే."

నాకూ కొంచెమే.

అని నవ్వింది. వంకరగా, ఒక పక్కనే, కానీ హాస్టల్లో నన్ను దెప్పిపొడిచేటప్పుడు నవ్విన నవ్వే. ఆ రోజు నా కోసం తెలుగులోకి మారని మనిషి ఆమె ఒక్కతే. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని "ఊట ఆయ్తా?" అని అడిగాను. చాలాసేపటికి "ఆయ్తు" అంది. ఏం తిన్నావంటే, "ముద్దె." రాగి ముద్ద. నీళ్లు కావాలా అంటే ఔనంది. నేనొక మాట తప్పు పలికితే, వేలితో నా మోకాలి మీద కొట్టి, సరిగ్గా పలికి చూపించింది. అలా మూడుసార్లు కొట్టింది. సుమ గుమ్మం పట్టుకుని నిలబడి, "ఇంత సేపు మాట్లాడి ఎన్నాళ్లయ్యిందో" అంది. సాయంత్రం దాకా మేము చెప్పుకున్నదంతా రాస్తే ఒక పోస్టుకార్డుకు సరిపోదు.

బయలుదేరేటప్పుడు "హోగి బర్తీని" అన్నాను, వెళ్లొస్తానని. ఆమె నా కొంగు పట్టుకుని, "యావాగ?" అంది. ఎప్పుడు?

పొద్దున్నుంచి బస్టాండుల్లో నేను అందరినీ అడిగిన మాట. అడగడం నేర్చుకున్నాను కానీ జవాబు నేర్చుకోలేదు. తెలుగు వారం పేరుకు చివరి సున్నా మింగేసి, "మంగళవార" అన్నాను. ఆమె తల ఊపింది. కొంగు మాత్రం రెండోసారి చెప్పించుకున్నాకే వదిలింది.

కొత్త చోట బతకడానికి కొన్ని మాటలు చాలంటారు. చాలవు. కానీ అవతలి మనిషి కూడా అంతే కొంచెంతో బతుకుతున్నప్పుడు, సరిగ్గా సరిపోతాయి. నేను ఒక భాషలోకి వచ్చాను, ఆమె ఒక భాష నుంచి వెళ్లగొట్టబడింది. ఇద్దరం సరిహద్దు దగ్గర కలుసుకున్నాం. ఇక మీకు పనికొచ్చే ఒక సలహా: ఎంత, ఎక్కడ, ఎప్పుడు నేర్చుకునేటప్పుడు వారాల పేర్లు కూడా నేర్చుకోండి. ఎవరైనా ఎప్పుడని అడిగితే తడుముకోకూడదు. మంగళవారం నేను శిడ్లఘట్ట మీదుగా పోయే నేరు బస్సెక్కుతున్నాను.